డాబా మీద రెండు దారాలు

తార్నాకలో ఏ డాబా అయినా ఎక్కి ఒకసారి చుట్టూ చూడండి. నీళ్ల ట్యాంకుల పక్కన, బట్టలారేసే తీగల వెనక, పిట్టగోడల మీద ఎన్ని డిష్షులో! అన్నీ దక్షిణానికీ తూర్పుకీ మధ్యనే మొహం పెట్టి ఉంటాయి. ఉత్తరం వైపు తిరిగింది ఒక్కటీ కనబడదు. ఎందుకంటారా? మన ఇళ్లకు బొమ్మలు పంపే ఉపగ్రహాలు భూమధ్యరేఖకు నేరుగా పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మనమేమో ఆ రేఖకు ఉత్తరాన 17 డిగ్రీల చిల్లర దూరంలో ఉన్నాం. దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 నుంచి. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, హైదరాబాద్ 78.5 దగ్గర ఉంది. లెక్క కడితే దిక్సూచి మీద 138 డిగ్రీలు, అంటే ఇంచుమించు ఆగ్నేయ మూల. ఎత్తు నేల నుంచి 63 డిగ్రీలు. మన ఊళ్లో ఫ్రీ డిష్ బిగించే ఎవరికైనా ఈ రెండంకెలు చాలు. పెట్టెలో వచ్చే కాగితం మీద మాత్రం ఇవి ఉండవు.

మీరనొచ్చు, ఈ రోజుల్లో డిష్షు ఎవరు కొంటున్నారండీ, అంతా ఫోన్లోనే కదా అని. మా పై గదిలో ఉస్మానియాలో చదివే పిల్లలు అద్దెకుంటారు. ఒకరు ఫిజిక్స్ ఎమ్మెస్సీ, మిగతావాళ్లు పీజీ అయిపోయి గ్రూప్స్‌కు చదువుతున్నారు. వాళ్లకు రోజువారీ డేటా మధ్యాహ్నానికే అయిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న టీవీ కొనుక్కున్నారు. 2017 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన స్వయం ప్రభ చానళ్లు, అప్పట్లో ముప్పై రెండు, ఈ జీశాట్-15 నుంచే ఉచితంగా వస్తాయి. పొద్దస్తమానం పాఠాలే. నెల చందా కట్టక్కర్లేదు, ఒక్కసారి డిష్షు, బాక్సు కొంటే చాలు. మాణికేశ్వర్ నగర్‌లో, లాలాపేటలో, రవీంద్రనగర్‌లో ఇలాంటి గదులు ఎన్నో ఉన్నాయి. ఫ్రీ డిష్ ఎవరికోసమో తెలియాలంటే ఆ గదుల్లోకి తొంగిచూడాలి. పిల్లలు డబ్బులు పోగేసి ఒక కిట్టు తెచ్చుకున్నారు. ఏ కంపెనీదో చెప్పను. ఇలాంటివి చాలా ఉన్నాయి, ఒక్కరిని పట్టుకుని తిట్టి లాభం లేదు.

పెట్టె విప్పి సామానంతా డాబా మీద పరిచాం. రెండడుగుల డిష్షు, వెనక బిగించే ప్లేటు, గొట్టానికి పట్టే క్లాంపు, సిగ్నల్ అందుకునే ఎల్ఎన్‌బీని నిలబెట్టే కడ్డీ, ప్లాస్టిక్ కవర్లో బోల్టులు. చూడ్డానికి అన్నీ ఉన్నాయి. బిగించడం మొదలుపెట్టాక ఒక్కోటీ బయటపడింది. ప్లేటుకు నాలుగు బెజ్జాలు, డిష్షుకు నాలుగు బెజ్జాలు. మూడు కలుస్తాయి, నాలుగోది పక్కకు పోతుంది. ఆ నాలుగోదాన్ని కలపాలంటే రేకును గుంజాలి. బోల్టు సన్నం, బెజ్జం వెడల్పు, మధ్యలో వెయ్యడానికి వాచర్లు లేవు. నట్టు పానాతో రెండు తిప్పులు తిప్పేసరికి మర అరిగిపోయి ఊరికే తిరుగుతోంది. కాగితం మీద బొమ్మ చూద్దామంటే అందులో ఉన్నది వేరే రకం డిష్షు, దానికి కడ్డీలు మూడు.

ఫిజిక్స్ పిల్లవాడు చాలాసేపు కుస్తీ పట్టి, చేతులు దులుపుకుని, "మాకు రాదు సార్ ఇది. మెకానిక్‌నే పిలుద్దాం" అన్నాడు.

నా మనసు చివుక్కుమన్నది అక్కడే. ఈ కబుర్లన్నీ ఆ మాట కోసమే. పారాబొలా సమీకరణం నిద్రలో లేపి అడిగినా రాసే కుర్రాడు. ప్రాక్టికల్స్‌లో పరికరాలు తనే సర్దుకుంటాడు. ఎవడో ఎక్కడో బెజ్జం వంకరగా కొడితే, తప్పు తన చేతుల్లో ఉందనుకున్నాడు. నాసిరకం సామాను డబ్బు తింటే తిన్నది, అంతకంటే పెద్ద నష్టం ఇది. మనిషికి తన చేతిమీద ఉన్న నమ్మకాన్ని తీసేస్తుంది. తయారుచేసినవాడికి అదే కలిసొస్తుంది. కొన్నవాడు 'నాకు చేతకాలేదు' అనుకుంటే ఇక ఫిర్యాదు చేసేదెవరు? పెట్టె మీది నంబరుకు ఫోన్ చేస్తే అవతలి గొంతు కూడా ఆ మాటే అన్నది, "సరిగ్గా బిగించి ఉండరండీ" అని.

డిష్షు అసలు చేసే పనేమిటో ఒక్క నిమిషం చెప్పుకుందాం. పైనుంచి వచ్చే రేడియో అలలన్నీ ఆ పళ్లెం మీద పడి, తిరిగి ఒక్క చోట కలవాలి. ఆ చోటే ఎల్ఎన్‌బీ మూతి. పళ్లెం వంపు సరిగ్గా ఉంటే అన్నీ ఒకేసారి, ఒకే తాళంలో చేరతాయి. ఎక్కడన్నా లొట్ట ఉంటే అక్కడ పడ్డ అల ఆలస్యంగానో ముందుగానో వచ్చి మిగతావాటి బలాన్ని తగ్గిస్తుంది. ఎంత లొట్టను ఓర్చుకోవచ్చు అన్నది అల పొడవును బట్టి ఉంటుంది. స్థూలంగా అలలో పదహారో వంతు, ఇరవయ్యో వంతు దాటకూడదు.

ఇప్పుడు ఈ లెక్క పట్టుకుని మన చుట్టుపక్కల చూడండి. ఉస్మానియా ఖగోళ శాస్త్ర శాఖకు రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు ఉంది. అది పట్టేది వెలుగును, వెలుగు అల మిల్లీమీటర్‌లో రెండువేలో వంతు. కాబట్టి ఆ అద్దాన్ని కంటికి కాదుగదా వేలికి కూడా తెలియనంత సన్నగా అరగదీయాలి. 1991లో స్టార్ టీవీ వచ్చినప్పుడు కేబుల్ వాళ్లు మేడల మీద నిలబెట్టిన పెద్ద పెద్ద జాలీ డిష్షులు గుర్తున్నాయా? 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక ఇంకా పెరిగాయి. అవి పట్టే అల ఏడున్నర సెంటీమీటర్లు. నాలుగైదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా ఓర్చుకునేవి. అందుకే వెల్డింగ్ షాపులో పట్టీలు వంచి జాలీ బిగించినా బొమ్మ వచ్చేది. ఫ్రీ డిష్ అల రెండున్నర సెంటీమీటర్లే. దీనికి ఒకటీ ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించి వంకర పనికిరాదు. అంటే చిన్న డిష్షుకే ఎక్కువ శ్రద్ధ కావాలి. మన బజార్లో జరుగుతున్నది తలకిందులు. చిన్నదే కదా అని రేకు పల్చన చేశారు. పల్చటి రేకు అచ్చులో నొక్కినప్పుడు వంగుతుంది, అచ్చు తీయగానే కొంత వెనక్కి లేస్తుంది. లేచినదాన్ని కొలిచి పక్కన పడేసే ఓపిక ఉన్నచోట మంచి డిష్షు వస్తుంది. లేనిచోట అన్నీ పెట్టెలోకే పోతాయి.

చవకగా చెయ్యాలంటే ఇంతే మరి అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఈ ఊరి చరిత్రే ఒప్పుకోదు. 1975 ఆగస్టు 1న సైట్ ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు మనవైపు తిప్పించుకుని, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు నేరుగా టీవీ చూపించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒకే బొమ్మకు రెండు భాషల మాట పంపే ఏర్పాటు ఉండేది. అలా తెలుగు మాట ఆకాశం నుంచి నేరుగా ఊరి బడి ముందుకు దిగింది. ఆ పల్లెల్లో పెట్టిన డిష్షు దేనితో చేశారనుకున్నారు? కోళ్ల గూళ్లకు కొట్టే జాలీతో! పది అడుగుల వెడల్పు. ఆ ఉపగ్రహం పంపిన అల 860 మెగాహెర్ట్జ్‌ది, పొడవు 35 సెంటీమీటర్లు. అంత పెద్ద అలకు జాలీ కన్నాలు కన్నాలే కావు, గట్టి గోడతో సమానం. ఇంజనీర్లు ముందు అలను చూశారు, ఆ తర్వాత దానికి సరిపోయేంత సామాను వాడారు. పైన ఉపగ్రహానికే ముప్పై అడుగుల డిష్షు పెట్టి బలంగా పంపారు కాబట్టి కింద పల్లెలో చవక జాలీ చాలింది. ఖర్చు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తగ్గించాలో కూర్చుని ఆలోచించిన పని అది. ఆ టీవీ సెట్లు తయారైంది మన ఈసీఐఎల్‌లో. తార్నాక నుంచి లాలాపేట, మౌలాలి మీదుగా పోతే వచ్చేది ఆ ఈసీఐఎల్లే. ఉపగ్రహాలతో ప్రసారాలు చెయ్యొచ్చని 1945లోనే రాసిన ఆర్థర్ సి. క్లార్క్‌కు కొలంబోలో ఆయన ఇంటి మీదే మన ఇస్రో వాళ్లు డిష్షు పెట్టి ఈ కార్యక్రమాలు చూపించారు. చవక జాలీతో మొదలుపెట్టిన దేశం మనది. అందుకే సరిగ్గా కుదరని బెజ్జాలు చూస్తే నాకు అంత కోపం వస్తుంది.

సరే, మళ్లీ డాబా మీదికి పోదాం. డిష్షు వంకర పోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. కుట్టుదారం తీసుకుని డిష్షు అంచు మీద ఈ చివర నుంచి ఆ చివరకు బిగుతుగా కట్టండి. దానికి అడ్డంగా ఇంకో దారం కట్టండి. అంచంతా ఒకే మట్టాన ఉంటే రెండు దారాలూ మధ్యలో ఒకదాన్నొకటి తాకీతాకనట్టు ఉంటాయి. తర్వాత పైదారాన్ని కిందికి, కిందిదాన్ని పైకి మార్చి కట్టి చూడాలి. ఎందుకంటే ఒకవైపు వంకరను దారం దాచేస్తుంది. మా డిష్షుకు రెండో కట్టులో మధ్యన చిటికెన వేలు పట్టేంత సందు కనిపించింది. పిల్లవాడు వంగి, ఒక కన్ను మూసి, ఆ సందులోంచి అవతలి పిట్టగోడను చూశాడు. చూసి లేచినప్పుడు మొహం మారింది. "అంటే మనం బిగించడం కాదు సార్, డిష్షే వంకర ఉన్నది" అన్నాడు.

పూర్తిగా డిష్షుదీ కాదు. వెనక ప్లేటు బోల్టులు వదులు చేయగానే ఆ సందు సగానికి తగ్గింది. నాలుగో బెజ్జం కోసం గుంజిన గుంజుడు రేకును మెలిపెట్టింది. ప్లేటు వంకర, రేకు పల్చన, ఈ రెండూ కలిస్తే ఎవరు బిగించినా అంతే. ప్లేటుకూ డిష్షుకూ మధ్య ఖాళీ ఉన్నచోట, కుంటి మంచం కోడు కింద పెచ్చు పెట్టినట్టు, వాచర్లు ఒక్కోటీ పెడుతూ, దారాలు చూసుకుంటూ పోయాం. దారాలు కలిశాయి.

అయినా సిగ్నల్ నిలవలేదు. చేత్తో పట్టుకుని తిప్పుతుంటే బాక్సు తెర మీద క్వాలిటీ గీత డెబ్బై దాకా పోతుంది. హమ్మయ్య అని నట్టు బిగిస్తే నలభైకి జారుతుంది. ఇంకొంచెం బిగిస్తే బొమ్మే లేదు. డిష్షు బిగించినవాళ్లందరికీ తెలిసిన బాధ ఇది. కింద టీవీ ముందు ఒకడు "వచ్చింది! వచ్చింది! పోయింది!" అని అరుస్తుంటాడు, పైనవాడు పానా పట్టుకుని ఊపిరి బిగబట్టి ఉంటాడు. ఇందులో ఉన్న లెక్క చూడండి. రెండడుగుల డిష్షు ఆకాశంలో మూడు డిగ్రీల మేర మాత్రమే చూస్తుంది. నడిమి నుంచి ఒకటిన్నర డిగ్రీ జరిగితే సిగ్నల్ సగం పోతుంది. క్లాంపు బోల్టుల మధ్య ఎడం పది సెంటీమీటర్లు, బెజ్జంలో ఆట రెండు మిల్లీమీటర్లు. ఆ కాస్త ఆటకే డిష్షు ఒక డిగ్రీకి పైగా తల వాలుస్తుంది. దాని మీద గాలి వీస్తే? ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల దూరంలో కదలకుండా తన చోట తనుంది. ఇక్కడ రెండు మిల్లీమీటర్ల బెజ్జం దాన్ని దూరం చేసింది.

లాలాపేట నుంచి మాకు తెలిసిన మెకానిక్ తమ్ముడు వచ్చి క్లాంపును రెండు చేతులతో పట్టి ఊపాడు. "ఈ ప్లేటుల దమ్ము లేదు సార్. మీరెంత టైట్ చేసినా ఇది వంగుతనే ఉంటది. గీ మధ్య అన్నీ గిట్లనే వస్తున్నయ్" అన్నాడు. మా డాబా మూలనే ఎప్పుడో ఎవరో వదిలేసిపోయిన పాత డిష్షు ఉంది. రేకు తుప్పు పట్టింది గాని వెనక క్లాంపు మందంగా, చెక్కు చెదరకుండా ఉంది. దాన్ని విప్పి దీనికి పెట్టాడు. బోల్టులు, వాచర్లు తార్నాకలోనే హార్డ్‌వేర్ షాపులో మంచివి తెచ్చాం. బెజ్జాలు కలవనిచోట రేకును గుంజకుండా డ్రిల్లు మెషిన్‌తో కొత్త బెజ్జం కొట్టాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఫిజిక్స్ పిల్లవాడు పక్కనే కూర్చుని అడుగుతూనే ఉన్నాడు. తమ్ముడు చెబుతూనే ఉన్నాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. ఒకరికి లెక్క తెలుసు, ఇంకొకరికి లోహం తెలుసు. చూస్తుంటే కడుపు నిండింది.

గొట్టం నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూశాం. గొట్టం ఒరిగితే డిష్షును పక్కకు తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోయి, ఎంత వెతికినా ఉపగ్రహం దొరకదు. దిక్సూచి నీళ్ల ట్యాంకు ఇనప స్టాండు దగ్గర పెడితే ఒక దిక్కు, నాలుగడుగులు జరిపితే ఇంకో దిక్కు చూపింది. ఇనుముకు దూరంగా వచ్చి చూసుకోవాలి. ఎల్ఎన్‌బీని మన ఊళ్లో ఈ ఉపగ్రహానికి దాదాపు 40 డిగ్రీలు మెలితిప్పాలి. కాగితం మీద మాత్రం నిటారుగా గీశారు. ఇంకో సంగతి చాలామందిని తికమక పెడుతుంది. ఉపగ్రహం 63 డిగ్రీల ఎత్తున ఉన్నా డిష్షు మొహం చూస్తే 40 డిగ్రీల దగ్గరే ఎత్తినట్టు ఉంటుంది. ఈ డిష్షుల వంపు పెద్ద పళ్లెంలోంచి ఒక పక్క ముక్క కోసినట్టిది. అందుకే అల నేరుగా కాక పక్కవాటుగా పడి, కిందనున్న ఎల్ఎన్‌బీకి చేరుతుంది. వెనక ప్లేటు మీద అంకెలు సరిగ్గా కొట్టి ఉంటే ఈ తేడా అందులోనే కలిసిపోయి ఉంటుంది. మా దాని మీద అంకెల స్టిక్కరే వంకరగా అంటించి ఉంది.

బొమ్మ నిలిచింది. గాలివానలకూ నిలిచింది. కాని ఆ పిల్లలు కొన్న కిట్టులో చివరికి మిగిలింది రేకు, కడ్డీ, ఎల్ఎన్‌బీ మాత్రమే. మిగతావన్నీ మళ్లీ కొన్నవో, వేరేచోట నుంచి తెచ్చినవో. ఇంట్లో పాత క్లాంపు దొరకనివాళ్లు, డ్రిల్లు మెషిన్ తెచ్చే తమ్ముడు తెలియనివాళ్లు ఏం చేస్తారు? పెట్టె మూసి మూలన పడేస్తారు. తార్నాక డాబాల మీద అలా పడి ఉన్నవెన్నో మీరే చూడొచ్చు. రేకు మందం ఎంతో పెట్టె మీద అచ్చు వెయ్యమనండి. వాచర్లు వెయ్యమనండి. కాగితం మీద పెద్ద ఊళ్ల పేర్లు రాసి, ఎదురుగా దిక్కు, ఎత్తు, మెలి మూడంకెలు ఇమ్మనండి. దారాల పరీక్షకు ఫ్యాక్టరీలో పైసా ఖర్చు కాదు. వీటిలో ఏదీ గొప్ప కోరిక కాదని మీరూ ఒప్పుకుంటారు.

మీరు కొనేటట్టుంటే పెట్టె అక్కడే విప్పించండి. కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట పెట్టె విప్పి, చేత్తో పట్టుకుని, అంచు నొక్కి చూసి కొనుక్కోవచ్చు. బొటనవేలితో నొక్కితే అంచు లోపలికి పోతే వద్దనండి. వెనక ప్లేటు డిష్షు మీద పెట్టించి నాలుగు బెజ్జాల్లోంచీ వెలుతురు కనబడుతోందా చూడండి. డిష్షు నుంచి దిగే కేబుల్‌ను గోడలోకి పోయే ముందు కిందికి ఒక మెలిక వెయ్యండి, వాన నీళ్లు అక్కడే కారిపోతాయి. కనెక్టర్ మీద టేపు చుట్టండి. జోరువానలో బొమ్మ పోతే కంగారు పడకండి, నీటి బొట్లు ఆ చిన్న అలను మింగేస్తాయి, వాన తగ్గగానే వస్తుంది. మార్చి రెండో వారంలో, మళ్లీ సెప్టెంబర్ ఆఖరు, అక్టోబర్ మొదట్లో కొన్ని రోజులు పొద్దున పదకొండు ప్రాంతంలో ఆకాశం నిర్మలంగా ఉన్నా కాసేపు బొమ్మ పోవచ్చు. అప్పుడు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆ రేడియో హోరులో సిగ్నల్ మునిగిపోతుంది. అప్పుడు పానా పట్టుకుని మేడెక్కకండి. నిలకడగా ఉన్న డిష్షును కదిపితే మళ్లీ పట్టుకోవడం కష్టం. కాసేపాగండి, అదే వస్తుంది.